పేరు పెట్టి పిలిస్తే

సాయంత్రం ఆరుకి
కర్నూలు మార్కెట్ యార్డులో నెట్‌వర్క్ నంబర్లన్నీ మార్చాను.
నూట తొంభై రెండుతో మొదలయ్యేవన్నీ
ఇకమీద పదితో మొదలవుతాయి.
అరగంట పని అని సెక్రటరీతో అన్నాను.
ఇప్పుడు రాత్రి రెండు.

నంబరుతో పిలిస్తే ప్రతి మిషనూ పలుకుతోంది,
కాటా దగ్గరిది, గేటు దగ్గరిది, బిల్లుల గదిలోది.
పేరు పెట్టి పిలిస్తే ఒక్కటీ పలకదు.
రేట్ల బోర్డు మీద
ఉల్లి అన్న మాట పక్కన ఖాళీ.
ఆ ఖాళీలో ఒక రెక్కల పురుగు.

వాచ్‌మన్ హుసేన్‌పీరా టీ తెచ్చి
"కరెంటు ఉండాది కదక్కా, మరి యాడికి పోయింది?" అంటాడు.

యాడికీ పోలేదు.
డీఎన్ఎస్ సర్వరు మేలుకునే ఉంది.
లాగు తెరిచి చూస్తే
పాత నంబరు గుమ్మంలోనే చెవి ఒగ్గి కూచుంది,
ఇక ఎవరూ రాని గుమ్మంలో.
ఆ లైను దిద్ది మళ్ళీ లేపాను.
ఒక మిషను పలికింది. తక్కినవి మూగ.

ఒక పేరు చివర చుక్క మరిచానని తర్వాత దొరికింది.
చుక్క లేకపోతే ఆ పేరు
తన ఇంటిపేరును రెండోసారి తగిలించుకుంటుంది,
పెళ్ళి పత్రికలో అచ్చుతప్పు లాగా.
చుక్క పెట్టాను.
అయినా బోర్డు ఖాళీయే.

బయట ఉల్లి మూటల మీద
గిడ్డయ్యకు నిద్ర పట్టలేదు.
కిటికీ ఊచలు పట్టుకుని
"దీన్ని ఊరు మార్చినారా యేందమ్మా?" అన్నాడు.
ఊరు కాదు, అడ్రసు.
"మాదీ మార్చినార్లే."

శ్రీశైలం నీళ్ళు ఎక్కొచ్చిన యేడు
బీరవల్లిని ఎత్తి మిట్ట మీద పెట్టినారంట.
పేరు అదే, మనుషులు వాళ్ళే.
"మా యన్న మిలిటరీ నుంచి పంపిన దుడ్లు
యేడాది దాకా యెనక్కి పోయినాయి.
పోస్టుమేను తప్పేం ల్యాదు,
వాడు మిట్టెక్కి వస్తానే ఉన్న్యాడు.
పై ఆపీసులో పుస్తకం మార్లే.
మేం మారినామని వాళ్ళకెవురు చెప్పినారు?"

వాళ్ళకెవరు చెప్పారు.
టీ గ్లాసు కింద పెట్టాను.

ఆదోనిలో ఈ సర్వరుకు తమ్ముడొకడున్నాడు.
ఇక్కడి రికార్డులకు నకలు తీసుకుపోయి
బోర్డులకు జవాబు చెప్పేది వాడే.
కొత్త గుమ్మం ఎక్కడో వాడికి సాయంత్రమే చెప్పాను.
వాడూ వచ్చాడు, వేళ తప్పకుండా, రాత్రంతా.
ఫైలు నెత్తిన సీరియల్ అంకె చూశాడు.
అది పోయిన నెలదే.
ఏం మారలేదులే అనుకుని
గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు.

లోపల పేర్లన్నీ ఇళ్ళు మారాయి.
నెత్తి మీది అంకె నేను మార్చలేదు.

పదిహేడును పద్దెనిమిది చేశాను.
ఎనిమిది గంటలకు
ఒక్క అంకె.

పాత లైన్లు తుడిచేయబోయి ఆగాను.
ముందొక సెమీకోలన్ పెడితే చాలు,
సర్వరు వాటిని చదవదు, చెరపదు.
కొన్ని ఫోన్లు రేపు సాయంత్రం దాకా
పాత జవాబునే పట్టుకు వేళ్ళాడతాయి, గడువు తీరేదాకా.
గిడ్డయ్యకు ఇది వింతగా తోచలేదు.
"ఎండాకాలం నీళ్ళు దిగితే మా గోడలు తేల్తాయమ్మా.
మా యమ్మ దిగిపోయి
పొయ్యి ఉన్న్య తావున ఉట్టిగ నిలబడి వచ్చేది."

పావుగంటకు బోర్డు వెలిగింది.
హుసేన్‌పీరా విజిలేశాడు, కుక్కలు లేచాయి.
గిడ్డయ్య కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని
కూడబలుక్కుని చదివాడు:
ఉల్లి. క్వింటా. ఆరు వందల పది.

మళ్ళీ ఒకసారి చదివాడు.
"ఇంగ కొంచేపు దొరక్కపోయింటే బాగుండునమ్మా"
అని, మూటల మీదికి పోయి
అటు తిరిగి పడుకున్నాడు.